మేతకీ ఎరకీ మధ్య

అంత గట్టిగా పిసక్కు, కోరిన్.
ముద్ద నీళ్లను తాకగానే విడిపోవాలి.
రాయిలా మునిగితే వాటికి ఆకలి కాదు, బెదురు పుడుతుంది.

నిన్నటి రొట్టె పొడి, నలగ్గొట్టిన కుక్క బిస్కెట్లు,
చెంచాడు చేపనూనె,
ఈ గుంటలో నీళ్లే కాసిని. ఇంటి నుంచి తేవద్దు,
కుళాయి వాసన వాటికి తెలిసిపోతుంది.
తడి చాలిందో లేదో కన్ను చెప్పదు, అరచెయ్యి చెబుతుంది.

గాలి పడమటి నుంచి వస్తోంది, పలచగా.
అందుకే మనం ఈ కొసన,
హల్ ఊరికి ఇటుకలు పోసి పోసి
చివరికి ఈ గుంతని మిగిల్చిన బట్టీ పొగగొట్టం కింద.
విసరడం మన పని. తీసుకెళ్లడం గాలి పని.
చూడు, నూనె పాకినంత మేరా అలలు అణిగి
ఇస్త్రీ చేసిన దుప్పటిలా అయింది నీరు.
పొడి సగం తేలుతుంది, సగం పాలమబ్బులా దిగుతుంది.
అడుగున బురదలో మూతి పెట్టిన చేప
ఆ మబ్బు చూసి తల ఎత్తుతుంది.
తల ఎత్తించడమే విద్యంతా.

బాతులా? ఆ రెల్లు పక్కన వాటికో నాలుగు ముక్కలు పడెయ్.
కడుపు నిండినవాళ్లు అల్లరి చెయ్యరు.

కర్ర ముట్టుకోకు.
ఇంకో గంట.

అదిగో, చప్ మని.
పసిపిల్ల ముద్దు పెట్టినట్టు.
ఒకటి కాదు, మూడు. మూడూ కాదు.
ఇందాకటిదాకా చుట్టూ తిరిగి, అనుమానపడి,
తోకతో నీళ్లు చిమ్మి పోయినవి
ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.
ఆ ముసలి బంగారుతీగని చూశావా, పైపెదవి చిరిగినది?
దానికి గాలం కొత్తేం కాదు.
అదీ తింటోంది.
నలభై ముక్కలు మింగింది, దేనిలోనూ ముల్లు లేదు.
నలభై ఒకటోదాన్ని శంకించడానికి ఏముంది?

మేత అంటే అంతే.
ముల్లు లేని ఎర.
ఎర అంటే ముల్లున్న మేత.
రొట్టె ఒక్కటే.

ముప్ఫై ఒక్క ఏళ్లు నేను వారవడ్డీ కంపెనీకి తిరిగాను.
ఆకుపచ్చ పుస్తకం, చెవి మీద పెన్సిలు,
జేబులో పిప్పరమెంట్లు, పిల్లలకి.
మొదటి పది పౌన్లకి సంతకం అడిగేవాణ్ణి కాదు.
ఉంచండమ్మా, తొందరేముంది, అనేవాణ్ణి.
కుర్చీ తుడిచి వేసేవారు. ఉన్న ఒక్క మంచి కప్పులో టీ పోసేవారు.

ఇదంతా నీకు చెప్పలేదు.
నీకు చెప్పింది రొట్టె గురించే.

నువ్వే అన్నావు, దారం తేలేందుకు గ్రీజు రాస్తూ, మాటవరసకి:
మా నానమ్మ ఫెర్రీ సందులో ఉండేదిగా,
ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం ఎవరైనా తలుపు కొడితే
లైటు ఆర్పేసి నేలమీద కూర్చుంటుంది,
మమ్మల్నీ నోళ్లు మూసి కూర్చోబెడుతుంది.
నవ్వావు. వయసైపోయింది కదా, అన్నావు.

స్కెరిట్. పద్నాలుగో నంబరు. నీలం తలుపు.
ఆరుంపావు.

ఇక వెయ్యి, అన్నాను.
రొట్టె చెక్కులో ముల్లు దాచి వేశావు.
బెండు దూరంగా ఆగింది.
మేత మధ్యలో మేతలా కూర్చుంది ఎర.
చిరిగిన పెదవి పైకొచ్చింది, తొందరేమీ లేకుండా తెరుచుకుంది.
దారం కదిలే ఆ ఒక్క క్షణంలో
లాగు, అని నేను చెప్పాలి. అదే మన ఒప్పందం.

చెప్పలేదు.

నీళ్లు ఒకసారి గుండ్రంగా తిరిగి ఊరుకున్నాయి.
ముక్క ఉమ్మేసి పోయింది.
చెప్పలేదేం, మిస్టర్ ఆంబ్లర్?
కళ్లలో ఎండ పడింది, అన్నాను.
పొద్దు మన వీపుల వెనక ఉంది.

నువ్వు రెట్టించలేదు.
బకెట్లో చెయ్యి పెట్టి ఇంకో ముద్ద చేశావు,
మరీ గట్టిగా కాదు, మరీ వదులుగానూ కాదు.
విసిరావు.
నీళ్లను తాకీ తాకగానే
ఎంత చక్కగా విచ్చుకుందో.